హైబ్రిడ్ పేరొకటే.. పనితీరు వేరు!
సియాజ్, సిటీ కార్లలో మన దారికి ఏది మేలు?
కొనేముందు వేసుకోవలసిన లెక్క ఇదీ

మానవపాడు: నడిగడ్డ ప్రాంతానికి హైబ్రిడ్ అన్న మాట కొత్త కాదు. సీడ్ పత్తి చేలలో ఆడ మొక్కల పూలకు మగ మొక్కల పుప్పొడిని చేత్తో అద్ది సంకర విత్తనాన్ని తయారు చేయడం ఇక్కడి రైతు కుటుంబాలకు ఏళ్ల తరబడి అలవాటైన పని. రెండు రకాల మంచి గుణాలను ఒకేచోటికి చేర్చడమే హైబ్రిడ్. ఇప్పుడు అదే మాట కార్ల వెనుక బిళ్లపై కనిపిస్తోంది. పెట్రోలు ఇంజిన్, విద్యుత్ మోటారు రెండూ కలిసి పనిచేసే కారును హైబ్రిడ్ అంటున్నారు. పెట్రోలు ధర లీటరు వంద రూపాయలు దాటిన నాటి నుంచి ఈ కార్ల వైపు మధ్యతరగతి చూపు మళ్లింది.

అయితే విత్తన ప్యాకెట్లన్నింటిపై హైబ్రిడ్ అని ఉన్నా దిగుబడి ఒకేలా ఉండనట్లే, కార్లలోనూ ఆ పేరు వెనుక పెద్ద తేడా ఉంది. సామాన్య సెడాన్ల తరగతిలో ఏళ్లుగా పోటీపడిన మారుతీ సుజుకీ సియాజ్, హోండా సిటీలే ఇందుకు తగిన ఉదాహరణ. రెండూ హైబ్రిడ్ పేరుతో అమ్ముడైనవే. ఒకదానిలో మోటారు ఇంజిన్‌కు చేయూత మాత్రమే ఇస్తుంది. మరోదానిలో మోటారే బండిని లాగుతుంది. ఈ తేడా తెలియక ఒకదాని మైలేజీని మరోదానిలో ఆశించినా, అవసరం లేని చోట లక్షలు అదనంగా పోసినా నష్టపోయేది కొనుగోలుదారే. పంట డబ్బుతోనో, బ్యాంకు రుణంతోనో కారు కొనే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

సియాజ్ సంగతి

మారుతీ సంస్థ 2015 సెప్టెంబరులో సియాజ్ డీజిల్ కారుకు ఎస్‌హెచ్‌వీఎస్ పేరిట ఈ పరిజ్ఞానాన్ని జోడించింది. 2018 ఆగస్టులో వచ్చిన 1.5 లీటర్ల పెట్రోలు రకానికి దీన్నే స్మార్ట్ హైబ్రిడ్‌గా అందించింది. దీనిని వాహన పరిభాషలో మైల్డ్ హైబ్రిడ్ అంటారు.

ఇందులో మామూలు స్టార్టర్, ఆల్టర్నేటర్ చేసే పనులు రెండింటినీ చేసే చిన్న మోటారు ఉంటుంది. సిగ్నల్ వద్ద బండి ఆగి, గేరు న్యూట్రల్‌లోకి వచ్చి, క్లచ్ వదిలితే ఇంజిన్ దానంతట అదే ఆగిపోతుంది. తిరిగి క్లచ్ నొక్కగానే చప్పుడు లేకుండా స్టార్టవుతుంది. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిలో కొంత బ్యాటరీలోకి చేరుతుంది. బండి వేగం అందుకునేటప్పుడు మోటారు ఇంజిన్‌కు కాస్త బలం ఇస్తుంది. అంతకు మించి ఆశించరాదు. ఈ మోటారు ఒంటరిగా కారును ఒక్క అడుగు కూడా నడపలేదు.

ఇంజిన్ శక్తి 105 హార్స్‌పవర్. బీఎస్-6 ప్రమాణాల మేరకు మార్చిన తర్వాత లీటరుకు మాన్యువల్ గేర్ల కారు 20.65 కి.మీ., ఆటోమేటిక్ 20.04 కి.మీ. ఇస్తాయని సంస్థ ప్రకటించింది. డిక్కీ సామర్థ్యం 510 లీటర్లు. 2025లో ఈ కారు ఉత్పత్తిని నిలిపివేయడంతో ప్రస్తుతం సియాజ్ కావాలనుకునేవారికి సెకండ్ హ్యాండ్ మార్కెట్టే దిక్కు.

సిటీ సంగతి

హోండా సంస్థ 2022 మే 4న సిటీ ఈ-హెచ్‌ఈవీ కారును దేశ మార్కెట్లోకి విడుదల చేసింది. నాటి షోరూం ధర రూ.19.50 లక్షలు. ఇది స్ట్రాంగ్ హైబ్రిడ్. ఇందులో 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిన్‌తో పాటు రెండు మోటార్లు ఉంటాయి. ఒకటి విద్యుత్తును తయారు చేస్తుంది. రెండోది చక్రాలను తిప్పుతుంది. చక్రాలను తిప్పే మోటారు శక్తి 109 హార్స్‌పవర్. ఇంజిన్ శక్తి 98 మాత్రమే. అంటే ఈ కారులో పెద్దన్న మోటారే.

ఇది మూడు విధాలుగా నడుస్తుంది. బండి కదిలేటప్పుడు, మెల్లగా సాగేటప్పుడు బ్యాటరీతోనే వెళ్తుంది. ఇంజిన్ ఆగే ఉంటుంది. వేగం పెంచితే ఇంజిన్ స్టార్టయి విద్యుత్తును తయారు చేస్తుంది. ఆ విద్యుత్తుతో మోటారు చక్రాలను తిప్పుతుంది. ఇక రహదారిపై ఎక్కువ వేగంతో నిలకడగా వెళ్లేటప్పుడు లోపలి క్లచ్ కలిసి ఇంజిన్ నేరుగా చక్రాలను తిప్పుతుంది. ఏ సమయంలో ఏది పనిచేయాలో కారే నిర్ణయించుకుంటుంది. గేర్లు మార్చే పని ఉండదు. ఇంట్లో ప్లగ్ పెట్టి ఛార్జి చేయవలసిన అవసరమూ లేదు. పెట్రోలు పోయించుకుంటే చాలు.

మొదట లీటరుకు 26.5 కి.మీ. మైలేజీ ప్రకటించిన సంస్థ, 2023 మార్పుల తర్వాత 27.13 కి.మీ.గా పేర్కొంది. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.60 లక్షల కి.మీ. వారంటీ ఇచ్చింది. బ్యాటరీని వెనుక భాగంలో అమర్చినందున డిక్కీ 306 లీటర్లకు తగ్గింది. మామూలు పెట్రోలు సిటీలో ఇది 506 లీటర్లు.

ప్రభుత్వమూ వేరుగానే చూసింది

ఈ రెండు రకాల మధ్య తేడాను కేంద్రం ఏనాడో గుర్తించింది. 2015లో ప్రారంభించిన ఫేమ్ పథకం కింద తొలుత మైల్డ్ హైబ్రిడ్‌లకూ ప్రోత్సాహకం అందింది. 2017 ఏప్రిల్ నుంచి వాటిని ఆ జాబితా నుంచి తొలగించారు. ఇంధనం ఆదాలో వాటి పాత్ర పరిమితమేనన్నది అందులోని అంతరార్థం.

మన దారిలో ఏది ఎలా?

హైబ్రిడ్ కారు విలువ దాని బిళ్లలో కాదు, అది తిరిగే దారిలో ఉంటుంది. మానవపాడు వాసుల ప్రయాణాలను గమనిస్తే రెండు దారులు ప్రధానం. ఒకటి ముప్పై కిలోమీటర్ల లోపు దూరంలోని కర్నూలు. రెండోది దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్. ఆసుపత్రి, చదువు, వ్యాపారం, పెళ్లి బట్టలు.. పని ఏదైనా ఈ రెండు దారుల్లో ఒకటి పట్టవలసిందే. రెండింటికీ 44వ నంబరు జాతీయ రహదారే ఆధారం.

హైదరాబాద్ దారినే తీసుకుందాం. ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి కృష్ణా వంతెన, పెబ్బేరు, కొత్తకోట, జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా శంషాబాద్ వరకు నాలుగు వరుసల రహదారి. టోల్‌గేట్ల వద్ద, కూడళ్ల వద్ద తప్ప కారు ఆగదు. బ్రేకు వేసే అవసరం తక్కువ. బ్రేకు పడకపోతే బ్యాటరీలోకి తిరిగి చేరే శక్తీ తక్కువే. ఈ దారిలో సియాజ్ హైబ్రిడ్ వ్యవస్థకు దాదాపు పని ఉండదు. అది మామూలు పెట్రోలు కారులాగే సాగుతుంది. సిటీ సైతం చాలాసేపు ఇంజిన్‌తోనే నడుస్తుంది. మోటారు అప్పుడప్పుడూ చేయి వేస్తుంది. కనుక ఇక్కడ రెండింటి మధ్య తేడా ఉన్నా, అది నగరంలో ఉన్నంత ఉండదు.

శంషాబాద్ దాటి ఆరాంఘర్ చేరాక లెక్క మారుతుంది. వాహనాలు బారులు తీరిన చోట కదలడం, ఆగడం, మళ్లీ కదలడం.. మామూలు కారు పెట్రోలు తాగేది ఇక్కడే. సిటీ హైబ్రిడ్ మాత్రం ఇంజిన్ ఆపేసి బ్యాటరీతో ముందుకు సాగుతుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ కొంత శక్తిని తిరిగి పోగేసుకుంటుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్ తన ధరకు న్యాయం చేసేది ఇటువంటి రద్దీలోనే. సియాజ్ కూడా ఆగిన చోట ఇంజిన్ ఆపి కొంత ఆదా చేస్తుంది గానీ కదలగానే పెట్రోలు తప్పదు.

కర్నూలు దారిలోనూ ఇదే తీరు. పుల్లూరు టోల్‌గేటు, తుంగభద్ర వంతెన దాటే వరకు రహదారి ప్రయాణం. నగరంలో ప్రవేశించాక నాలుగైదు కిలోమీటర్లు రద్దీ. మొత్తం ప్రయాణంలో రద్దీ వాటా కొద్దిపాటిదే.

ఎండాకాలం మరో విషయాన్ని గమనించాలి. నలభై డిగ్రీలు దాటే మన వేసవిలో ఏసీ లేనిదే కారులో కూర్చోలేం. సియాజ్‌లో ఇంజిన్ ఆగితే ఏసీ చల్లదనం తగ్గుతుంది. దాంతో ఇంజిన్ త్వరగా తిరిగి స్టార్టవుతుంది. ఈ చికాకుతో కొందరు ఆ వ్యవస్థను మీట నొక్కి ఆపేస్తుంటారు. అప్పుడు హైబ్రిడ్ పేరు బిళ్లకే పరిమితం. సిటీలో ఏసీ విద్యుత్తుతో నడుస్తుంది కనుక ఇంజిన్ ఆగినా చల్లదనం కొనసాగుతుంది. అయితే ఏసీ వాడకం పెరిగేకొద్దీ బ్యాటరీ త్వరగా తగ్గి ఇంజిన్ తరచూ స్టార్టవుతుంది.

లక్షల తేడా ఎప్పటికి తీరుతుంది?

రెండు కార్లూ కొత్తవిగా అమ్ముడైన రోజుల్లో వాటి ఉన్నత రకాల షోరూం ధరల మధ్య వ్యత్యాసం సుమారు రూ.8 లక్షలు. పెట్రోలు ఆదాతో ఈ మొత్తం తిరిగి వస్తుందా అన్నదే అసలు ప్రశ్న. లెక్క సులువుగా ఉండేందుకు పెట్రోలు లీటరు రూ.110గా అనుకుందాం.

ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగే కుటుంబం సంగతి చూద్దాం. సంస్థలు ప్రకటించిన మైలేజీనే తీసుకుంటే సియాజ్‌కు 581 లీటర్లు, సిటీకి 442 లీటర్లు అవసరం. తేడా 139 లీటర్లు. అంటే ఏడాదికి ఆదా అయ్యేది సుమారు రూ.15,300. ఈ లెక్కన 8 లక్షలు తిరిగి రావడానికి యాభై ఏళ్లకు పైగా పడుతుంది. కారు అన్నేళ్లు ఉండదు.

ప్రకటించిన మైలేజీ రోడ్డుపై రాదన్నది అందరికీ తెలిసిందే. రహదారిపై సియాజ్ 16, సిటీ 21 కి.మీ. ఇస్తాయని ఉదాహరణకు అనుకుందాం. ఏడాదికి 30 వేల కిలోమీటర్లు తిరిగినా ఆదా సుమారు రూ.49 వేలు. 8 లక్షలు తీరడానికి పదహారేళ్లు పడుతుంది.

అదే 30 వేల కిలోమీటర్లు హైదరాబాద్ వంటి నగర రద్దీలోనే తిరిగితే? సియాజ్ 12, సిటీ 22 కి.మీ. ఇస్తాయనుకుంటే ఏడాదికి సుమారు రూ.1.25 లక్షలు మిగులుతాయి. ఆరున్నరేళ్లలో తేడా తీరిపోతుంది. కారు అదే, పెట్రోలు ధర అదే. మారింది దారి, తిరిగే దూరం మాత్రమే.

ఇవి ఉదాహరణకు వేసిన లెక్కలు. ఎవరికి వారు తమ పాత కారు ఓడోమీటరు చూసి ఏడాదికి ఎంత తిరుగుతున్నారో, అందులో నగరంలో ఎంతో రాసుకుని, తాము చూసిన బండ్ల అసలు ధరలతో ఇదే తీరున లెక్క కట్టుకోవచ్చు. పెట్రోలు ఒక్కటే కాక సౌకర్యానికీ విలువ కట్టవలసి ఉంటుంది. గేర్ల బెడద లేకపోవడం, నిశ్శబ్ద ప్రయాణం, రహదారిపై ముందున్న వాహనాన్ని గమనించి హెచ్చరించే, అవసరమైతే బ్రేకు వేసే భద్రతా వ్యవస్థ సిటీకి కలిసివచ్చే అంశాలు. రాత్రివేళ లారీల మధ్య తరచూ ప్రయాణించే వారు వీటిని తేలికగా తీసుకోరాదు. తక్కువ పెట్టుబడి, విశాలమైన వెనుక సీటు, పెద్ద డిక్కీ సియాజ్ బలాలు. పండుగకు నలుగురైదుగురు సామాన్లతో బయలుదేరే ఇంటికి 510, 306 లీటర్ల తేడా మొదటి ప్రయాణంలోనే తెలిసిపోతుంది.

పన్ను మినహాయింపు ఆశించవద్దు

హైబ్రిడ్ అంటే విద్యుత్ వాహనమేనని, పన్ను ఉండదని కొందరు భావిస్తున్నారు. ఇది పొరపాటు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ప్రకటించిన విధానం కింద 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుముల మినహాయింపు పూర్తిగా బ్యాటరీతో నడిచే వాహనాలకు ఉద్దేశించినది. ఉత్తరప్రదేశ్ 2024 జులైలో స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకూ మినహాయింపు ఇచ్చినా అది ఆ రాష్ట్రానికే పరిమితం. జీఎస్టీలోనూ అంతే. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన మార్పుల ప్రకారం విద్యుత్ కార్లపై 5 శాతం ఉండగా, నాలుగు మీటర్ల పొడవు దాటిన సిటీ వంటి హైబ్రిడ్ కార్లు 40 శాతం పన్ను పరిధిలో ఉన్నాయి. కనుక షోరూం ధర కాక, జీవితకాల పన్ను, బీమా కలిపిన మొత్తాన్ని కాగితంపై రాయించుకున్నాకే బేరం మొదలుపెట్టాలి.

కర్నూలులో కొంటే..

మానవపాడుకు దగ్గరి నగరం కర్నూలే. పాత కార్ల బేరాలు అక్కడే ఎక్కువ. కానీ 2014 జూన్ 2 తర్వాత తుంగభద్ర అవతల వేరే రాష్ట్రం. ఏపీ నంబరున్న కారును కొని జోగులాంబ గద్వాల జిల్లాలో స్థిరంగా ఉంచుకోవాలంటే అక్కడి రవాణా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకుని, ఇక్కడ జీవితకాల పన్ను చెల్లించి, టీజీ 33 శ్రేణిలో తిరిగి రిజిస్ట్రేషన్ చేయించుకోవలసి ఉంటుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రపు వాహనాన్ని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే రిజిస్ట్రేషన్ మార్పు తప్పనిసరి. అక్కడ కట్టిన పన్ను వాపసు కోసం విడిగా దరఖాస్తు చేసుకోవాలి. కారు చవకగా దొరికిందన్న సంతోషం ఈ ఖర్చుతో ఆవిరి కాకుండా, బేరం కుదరక ముందే గద్వాల రవాణా కార్యాలయంలో పన్ను ఎంతో అడిగి తెలుసుకోవడం మేలు.

పాత కారు చూసేటప్పుడు..

* సియాజ్ అన్నంత మాత్రాన అది హైబ్రిడ్ కాదు. 2014లో వచ్చిన 1.4 లీటర్ల పెట్రోలు కార్లలో ఈ వ్యవస్థ లేదు. రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంజిన్ సామర్థ్యం, తయారీ తేదీ చూడాలి. స్మార్ట్ హైబ్రిడ్ పెట్రోలు ఇంజిన్ అయితే 1462 సీసీ అని ఉంటుంది.

* సిటీలో ఈ-హెచ్‌ఈవీ వేరు, మామూలు పెట్రోలు రకం వేరు. సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ సిటీ కొంటే వారంటీలో ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు మిగిలాయో సర్వీసు రికార్డుతో సరిచూసుకోవాలి. అధీకృత కేంద్రంలో హైబ్రిడ్ బ్యాటరీని పరీక్ష చేయించాకే డబ్బు చెల్లించాలి. వారంటీ ముగిశాక ఆ బ్యాటరీ మార్చవలసి వస్తే భారం పెద్దదే.

* వరద నీటిలో మునిగిన కారు జోలికి వెళ్లరాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణా వరదలు కర్నూలు నగరాన్ని, నడిగడ్డ గ్రామాలను ఎలా ముంచెత్తాయో ఈ ప్రాంతం మరవలేదు. నీట మునిగిన హైబ్రిడ్‌లో విద్యుత్ విభాగాలు దెబ్బతింటే మరమ్మతు ఖర్చు అంచనాకు అందదు. సీటు బెల్టును చివరి వరకు లాగి చూస్తే బురద చారలు, తివాచీ కింద తుప్పు, ముక్క వాసన గుట్టు విప్పుతాయి.

* నారింజ రంగు తొడుగు ఉన్న తీగలు అధిక వోల్టేజీవి. శిక్షణ లేని మెకానిక్ వాటిని ముట్టుకోరాదు. రోడ్డు పక్క షెడ్డులో సియాజ్ పనులు చాలావరకు అవుతాయి. సిటీ హైబ్రిడ్ వ్యవస్థకు అధీకృత సర్వీసు కేంద్రమే శరణ్యం. అది ఇంటికి ఎంత దూరమో ముందే చూసుకోవాలి.

* హైబ్రిడ్ కారులోనూ మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి స్టార్టు కాదు. పిల్లలు విదేశాల్లో ఉండి, కారు వారాల తరబడి ఇంటి ముందే నిలిచే ఇళ్లలో అప్పుడప్పుడూ నడపడం తప్పనిసరి.

* పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లలో మైలేజీ కొంత తగ్గవచ్చు. కొనబోయే కారు ఈ ఇంధనానికి అనువైనదేనా అన్నది యజమాని పుస్తకంలో చూసుకోవాలి.

విదేశీ సలహాలతో జాగ్రత్త

అమెరికాలో స్థిరపడిన పిల్లలు టొయోటా క్యామ్రీ, హోండా అకార్డ్ హైబ్రిడ్‌ల గురించి చెబుతుంటారు. అక్కడ మామూలు కారుకు, హైబ్రిడ్‌కు మధ్య ధర తేడా స్వల్పం కనుక వారి లెక్క వారికి సరిపోతుంది. ఇక్కడ అకార్డ్ హైబ్రిడ్ 2016లో వచ్చినా అమ్మకాలు నిలిచిపోయాయి. క్యామ్రీ 2024 డిసెంబరులో కొత్త రూపుతో రూ.48 లక్షల షోరూం ధరకు విడుదలైంది. అక్కడి సలహాను ఇక్కడి ధరతో కలిపి చూస్తేనే నిజం బోధపడుతుంది.

ఎవరికి ఏది?

వారానికి ఒకటి రెండుసార్లు కర్నూలు, నెలకోసారి హైదరాబాద్ వెళ్లివచ్చే కుటుంబానికి మంచి స్థితిలో ఉన్న సియాజ్ సరిపోతుంది. అయితే దాన్ని హైబ్రిడ్ అని కాక, పొదుపైన పెట్రోలు కారుగా భావించి కొనాలి. హైబ్రిడ్ పేరు చెప్పి ఎవరైనా ధర పెంచితే ఒప్పుకోనవసరం లేదు. హైదరాబాద్‌లో ఇల్లు ఉండి అక్కడి రద్దీలో రోజూ తిరుగుతూ, సెలవులకు మాత్రమే ఊరికి వచ్చేవారికి సిటీ హైబ్రిడ్ తగినది. మొదటి యజమాని ధర తరుగుదల భరించిన, వారంటీ ఇంకా మిగిలి ఉన్న సెకండ్ హ్యాండ్ సిటీ దొరికితే రెంటికీ మధ్యేమార్గం. ఆటోమేటిక్ సౌకర్యం, భద్రతా హంగులు కావాలి, ధర భారం కాదు అనుకునేవారు కొత్త సిటీని నిరభ్యంతరంగా ఎంచుకోవచ్చు. కానీ పెట్రోలు ఆదాతో ఆ డబ్బు తిరిగి వస్తుందన్న లెక్క మాత్రం వేయరాదు.

విత్తనం కొనే రైతు ప్యాకెట్ మీద పేరు చూసి తృప్తి పడడు. తన చేను నల్లరేగడా, ఎర్ర నేలా, నీటి వసతి ఎంత అని ముందు చూసుకుంటాడు. కారుకు ఆ చేను మనం రోజూ తిరిగే దారే.